నాలుగేళ్ళ కాగితం

ఆగస్టులో కువైట్‌లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. మిద్దె మీది ట్యాంకు పొద్దంతా ఎండకు మరిగి రాత్రికి కూడా చల్లారదు. అందుకని మేము గీజరు ఆపేసి, వేణ్ణీళ్ళ కుళాయినే చన్నీళ్ళకు వాడుకుంటాం. ముప్పై మూడేళ్ళుగా ఇక్కడ ఎండాకాలం వచ్చిందనీ పోయిందనీ నేను కుళాయి కింద చెయ్యి పెట్టే తెలుసుకుంటున్నాను. సుజిత్ వచ్చిన రోజు పరాకున చన్నీళ్ళ కుళాయే తిప్పి, పప్పు కడుగుతూ వేళ్ళు చురుక్కుమనిపించుకున్నాను.

సుజిత్ నేను వంట చేసే ఇంటి అబ్బాయి. వాళ్ళ నాన్న గురుమూర్తి సారు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. అమ్మ వసుమతమ్మ బడిలో టీచరు. బెజవాడ వాళ్ళు. ఎగైలాలో ఒక విల్లా రెండో అంతస్తులో అద్దెకుంటారు. నేను ఆ ఇంటికి చేరేనాటికి సుజిత్‌కు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఇరవై ఏడు. ఇంజనీరింగ్ చదివి, ఏ ఉద్యోగంలోనూ చేరకుండా, నాలుగేళ్ళు పోకర్ అనే పేకాట ఆడి బతికాడు. సరదాకు కాదు, అదే పని. బెంగళూరులో గది తీసుకుని కంప్యూటర్ మీద, మధ్యమధ్య గోవాకు పోయి బల్లల దగ్గర. ఈ ఆగస్టులో ఇండియాలో డబ్బు పెట్టి కంప్యూటర్‌లో ఆడే ఆటలన్నీ ఆపేశారు. జతగాళ్ళు మనీలాకు పోతూ వీణ్ణి కూడా రమ్మన్నారు. వీడు ఒక్క సంచీ భుజానేసుకుని, మూడు నెలల విజిట్ వీసా మీద ఇక్కడికి వచ్చాడు.

సారు కొడుకుతో మాట్లాడి రెండేళ్ళయింది. ఈ దేశంలో పేకాట నేరం. కొడుకు దానిమీదే బతుకుతున్నాడని ఎవరితో చెప్పుకుంటారు? తెలుగువాళ్ళు కలిసినచోట “ఏదో డేటా ఉద్యోగం” అని మాట దాటేసేవారు. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పళ్ళెంలోకి చూస్తూ అడిగారు.

“వీసా ఎన్నాళ్ళు?”

“మూడు నెలలు నాన్నా.”

“తర్వాత?”

“దుబాయ్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీకి అప్లై చేద్దామనుకుంటున్నా. ఆయిలు, బంగారం, షేర్లు... ధరలు చూసుకుని కొనడం, అమ్మడం. వాళ్ళ డబ్బుతోనే. జీతం ఇస్తారు.”

“అంటే మళ్ళీ జూదమే. టై కట్టుకుని ఆడతావు.”

“అన్నం తిననివ్వండి,” అంది వసుమతమ్మ.

“టై కట్టుకోవడం కూడా రాదు నాన్నా నాకు,” అని సుజిత్ నవ్వాడు. సారు నవ్వలేదు. నేను పప్పు వడ్డించే సాకుతో ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

నాకు మూడు నెలలు అన్న మాటే చెవిలో మిగిలింది. ఎవరు వచ్చినా వాళ్ళు పోయే రోజు ముందు లెక్కేసుకుంటాను. ఎవరైనా ప్రయాణమవుతుంటే గుమ్మం దగ్గర నిలబడను. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుంటాను. ఆ చప్పుడులో లిఫ్టు తలుపు పడింది వినపడదు. 1992లో రాజంపేట బస్టాండులో మూడేళ్ళ నా కూతురు మునిలక్ష్మికి “బిస్కత్తు తెస్తా, ఉండు” అని చెప్పి బస్సెక్కాను. మళ్ళీ నన్ను చూసేసరికి ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. మా వదిన కొంగు చాటునుంచి, ఎవరో వచ్చారన్నట్టు చూసింది.

సెప్టెంబరులో వసుమతమ్మ బడికీ, సారు ఆఫీసుకీ పోయాక ఇంట్లో మేమిద్దరమే. సుజిత్ పొద్దున రెండు తెరలు ముందర పెట్టుకుని ఉత్తుత్తి డబ్బుతో కొనడం, అమ్మడం సాధన చేసేవాడు. కొనే ముందు ఎందుకు కొంటున్నాడో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తెరలు కట్టేసి వంటింట్లోకి వచ్చేవాడు.

“రా సూరవ్వా, రెండాటలు.”

ఆ ఇంట్లో నన్ను సూరాయమ్మ అంటారు. అందులోంచి వాడు చిన్నప్పుడే సూరవ్వను చేసుకున్నాడు.

“నాకు పేక రాదు నాయనా.”

“వంట వచ్చినోళ్ళకి ఇది రాకపోవడమేంటి? చేతిలో ఏమున్నాయో చూసుకుని వండుకోవడమే.”

ఎండు బఠాణీలు చెరో గుప్పెడు పెట్టుకున్నాం. మనిషికి రెండు ముక్కలు చాటుగా, అయిదు ముక్కలు అందరికీ కనపడేట్టు ఒకటొకటిగా బల్ల మీద. మధ్యలో బఠాణీలు పెంచుతూ పోవాలి, లేదా ముక్కలు పారేసి తప్పుకోవాలి. నేను ప్రతిసారీ పారేసేదాన్ని.

“సూరవ్వా! ఇవి రెండూ రాజులు! ఇవి పారేస్తారా ఎవరైనా?”

“పారేస్తే ఏం? నీ మొగం జూస్తే నీ తాన ఇంకా పెద్దయి ఉండాయనిపించె.”

“నా దగ్గర చెత్త.”

“మరి నవ్వినావు గదా!”

“నాలుగేళ్ళూ నా పని అదేగా,” అని నా బఠాణీలన్నీ ఊడ్చుకున్నాడు. తర్వాత వాటిలో సగం మళ్ళీ నా వైపు తోసేవాడు. రేపటికి ఆట కావాలిగా అనేవాడు.

ఒకరోజు అడిగాను. “రెండూ ఒకే తీరు అంటాండావు. మరి అది వదిలేసి ఇది యాల?”

వాడు ముక్కలు కలపసాగాడు. వాడి చేతుల్లో పేక నీళ్ళలా పారుతుంది.

“అక్కడ ఎదురుగా మనిషి ఉంటాడు సూరవ్వా. రోజుకి పది గంటలు, ఆ మనిషి భయం ఎక్కడ దాచుకున్నాడా అని వెతకడమే. కంప్యూటర్‌లో అయితే ఎంత ఆలస్యంగా నొక్కాడు, ఎంత తొందరగా నొక్కాడు, అందులోనే వెతకాలి. లేచి బయటికొచ్చాక కూడా అది ఆగదు. అమ్మ వీడియోలో ‘మేం బానే ఉన్నాంరా’ అంటుంది. గాజు తిప్పుతూ అంటుంది. ఇంక ఆ మాట నమ్మలేను. ఎవరేం చెప్పినా నమ్మబుద్ధి కాదు. ఇందులో ఎదురుగా మనిషి ఉండడు.”

“ఉండడా, కనపడడా?”

వాడు చేతులాపి నా వైపు చూశాడు. “కనపడడు,” అన్నాడు. ఆ రోజు ఆట మళ్ళీ మొదలుపెట్టలేదు. నోటుపుస్తకం తెచ్చి ఏదో రాసుకున్నాడు.

ఇంకోసారి నేను అడక్కుండానే చెప్పాడు. “గెలిచామా ఓడామా అని కాదు అవ్వా. తప్పు చేశామని తెలిసిన వెంటనే బయటికి రావాలి. కాసేపు చూద్దాంలే అనుకుంటే ఇంక రాలేం. రెండిట్లోనూ కష్టమైంది అదొక్కటే.”

నేను తల వంచుకుని బఠాణీలు ఏరుతూ ఉండిపోయాను.

సెప్టెంబరు అయిపోవస్తుండగా దుబాయ్ కంపెనీ వాళ్ళు చదువు, పని వివరాలు పంపమన్నారు. అంతకుముందు రెండు చోట్ల పంపితే జవాబే రాలేదు. ఆ సాయంత్రం సారు హాల్లోంచి పిలిచారు. “సుజిత్, ఇలా రా.” కొడుకును పేరుపెట్టి పిలవడం నేను రెండేళ్ళ తర్వాత విన్నాను. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

“నాలుగేళ్ళు ఖాళీ చూపిస్తే ఎవడూ పిలవడు. పేకాట అని రాస్తే అసలే పిలవడు. ఖైతాన్‌లో నాకు తెలిసినాయనకి కాంట్రాక్టింగ్ కంపెనీ ఉంది. వాళ్ళ ఇండియా ఆఫీసులో అకౌంట్స్ చూశావని ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తాడు.”

“అబద్ధం కదా నాన్నా.”

“గల్ఫ్‌కి వచ్చినవాళ్ళలో సగం మంది ఫైళ్ళు అలాంటివే. ఎవరికేం నష్టం జరిగింది? ఒకసారి లోపలికి వెళ్ళాక పనితనమే చూస్తారు.” సారు గొంతు తగ్గించారు. “నీ కోసమే కదరా.”

ఆ చివరి మాటకు సుజిత్ మెత్తబడిపోయాడు. “సరే నాన్నా,” అన్నాడు.

కాగితం తేవడానికి నన్ను పంపారు. సారు ఖైతాన్‌లో కనపడితే ఎవరైనా గుర్తుపడతారు. నేనైతే శుక్రవారం మా ఊరివైపు వాళ్ళను కలవడానికి ఎలాగూ పోయేదాన్నే. రెండు బస్సులు మారి దిగాను. కాగితం టైపు చేసి ఉంచింది ఖాసిం వలి, వాడిది రాయచోటి. ఖైతాన్‌లో టైపింగ్ సెంటర్ నడుపుతాడు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఫారాల నుంచి పెళ్ళి పత్రికల దాకా అక్కడే తయారవుతాయి.

“రా సూరాయక్కా, కూసో. చాయ్ తాగుతావా?”

“వద్దు వలీ, బస్సు పోతాది.”

“ఇదో, మీ సారు వాళ్ళ అబ్బోని కాగితం. స్టాంపు చూడు, యెంత ముద్దుగా పడిందో! నిజంగా పన్జేసినోళ్ళకు గూడా ఇంత మంచి మాటలు రాయరక్కా ఆ కంపెనీలో.” తనే పెద్దగా నవ్వాడు.

బస్సులో కవరు తీశాను. నాకు బడి లేదు. తెలుగు అక్షరాలు ఊరి నుంచి పచ్చళ్ళు చుట్టుకొచ్చిన పేపర్లలో, ఇంగ్లీషు అక్షరాలు మసాలా డబ్బాల మీద, అంగళ్ళ బోర్డుల మీద నేర్చుకున్నాను. ఆపైన దొరికిన వారపత్రికలన్నీ చదివాను. కూడబలుక్కుంటే వాడి పేరు దొరికింది. 2021 నుంచి 2025 దాకా అన్న అంకెలు దొరికాయి. కింద హానెస్ట్ అనే మాట దొరికింది. నిజాయితీ గలవాడు అని. ఆ మాట మీద వేలు పెట్టి ఫర్వానియా దాకా అలాగే కూచున్నాను. అక్కడ మారాల్సిన బస్సు ఒకటి వదిలేశాను.

రెండు రోజులు ఆ కవరు నా సంచీలోనే ఉంచుకున్నాను. సారు అడిగితే వలి ఇంకా ఇవ్వలేదని చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం తీసి బఠాణీల గిన్నె పక్కన పెట్టాను.

సుజిత్ చదివి నవ్వాడు. “అకౌంట్స్ అసిస్టెంట్ అంట సూరవ్వా! నాకు ఇంటి ఖర్చు లెక్క కూడా రాదు.” నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కాగితం మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. పేక పంచి, తన ముక్కలు మాత్రం చూసుకోలేదు.

“సూరవ్వా.”

“ఊఁ.”

“ఒకటి అడగనా? నిన్ను ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలుకుతావు. ఇప్పుడు కూడా ఆగావు. చిన్నప్పుడు చెవుడేమో అనుకునేవాణ్ణి. చెవుడు కాదు, కుక్కర్ విజిల్ ఇంకా రాకముందే నీకు వినపడుతుంది. తనది కానిది తనదే అని చూపించేవాళ్ళు అలా ఆగుతారు. బల్ల దగ్గర ఆ క్షణం చూసే ఎంతోమందిని పట్టుకున్నాను.” వాడు గొంతు బాగా తగ్గించాడు. “ఆ పేరు నీది కాదు కదా?”

ఫ్రిజ్ గురగురమంటూ ఉంది. లేచి ఎటైనా పోదామనుకున్నాను. ఎటు పోతాను?

“మద్దమ్మ,” అన్నాను.

ఆ పేరు ఈ దేశంలో నా నోటితో చెప్పడం అదే మొదటిసారి.

“సూరాయమ్మ మా వదిన. ముప్పై దాటిన ఆడోళ్ళే కావల్ల అన్నాడు ఏజెంటు. నాకు ఇరవై ఏడు. వదిన పాస్‌పోర్టు తీపిచ్చుకునె, వీసా వచ్చినాక భయపడి పోనని కూచునె. వచ్చిన వీసా పోగొట్టుకుంటారా అని ఫోటో మార్చి నన్ను పంపిచ్చిరి. రెండేండ్లే గదా అనుకుంటి నాయనా. ఇప్పుడు నాకు ఒంట్లో అరవై, పాస్‌పోర్టులో అరవై ఎనిమిది.”

“ఆమె ఉందా?”

“ఎనిమిదేండ్లాయె పోయి. నా బిడ్డను సాకింది ఆమే. ఆ పొద్దు మీ అమ్మను సెలవు అడగల్ల. సూరాయమ్మ చచ్చిపాయె, సూరాయమ్మకు సెలవియ్యండి అని యట్ల అడిగేది? అక్క పోయిందని చెప్పి, వంట జేసి పెట్టి, బాత్రూములో కూచోని ఏడిస్తి. ఊరికి మాత్రం పోల్యా. పోయినోళ్ళ పాస్‌పోర్టు పట్టుకోని విమానమెక్కాలంటే కాళ్ళాడల్యా. అప్పటినుంచీ పోనేల్యా.”

వాడు బఠాణీల గిన్నె పక్కకు జరిపాడు. నా చేతిమీద చెయ్యి పెట్టాడు.

“ఆ పేరు నాకు అన్నం పెట్టింది, కాదనను. ఈ కాగితం మోసుకొచ్చింది గూడా నేనే. మీ నాయిన నీ మంచికే చేసినాడు. ఇంక నీ ఇష్టం.”

“మద్దమ్మ,” అని వాడు ఒకసారి మెల్లగా అని చూశాడు, కొత్త కూర రుచి చూసినట్టు. “ఎవరికీ చెప్పను,” అన్నాడు.

ఆ సాయంత్రం సారు టీ తాగుతుంటే ఆ కవరు తెచ్చి కప్పు పక్కన పెట్టాడు.

“నాన్నా, ఇది వద్దు.”

“పట్టుకుంటారని భయమా?”

“పట్టుకోరు. చాలా బాగా చేశారు.”

“మరేంటి?”

“పట్టుకోకపోతే ఎన్నాళ్ళు మొయ్యాలి నాన్నా? ఆ నాలుగేళ్ళు నేనేం చేశానో ఎవరడిగినా, ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి చెప్పాలి.”

నేను వంటింట్లో గోడకు ఆనుకుని వింటున్నాను. వాడు నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. వాడు చూడలేదు. అంత బాగా చూడకుండా ఉండటం నేర్చినవాళ్ళకే వస్తుంది.

“అయితే ఏం రాస్తావు?”

“ఆడిందే రాస్తా. ఎన్ని ఆటలు, ఏ నెల లాభం, ఏ నెల నష్టం. అన్నీ నా దగ్గరున్నాయి.”

“చదివి నవ్వుతారు.”

“నవ్వనీండి.”

సారు కవరు జేబులో పెట్టుకుని, ఆ ఉక్కలోనే చెప్పులేసుకుని బయటికి నడిచారు.

తర్వాత రెండు వారాలు ఆ ఇంట్లో మళ్ళీ పాత నిశ్శబ్దం. సారు “సూరాయమ్మా” అని పిలిస్తే చాలు, తెలిసిపోయిందేమో అని ఉలిక్కిపడేదాన్ని. దుబాయ్ నుంచి జవాబు లేదు. మనీలా నుంచి జతగాడు ఫోన్ చేసి టికెట్టు తానే తీస్తానన్నాడట. “చెప్తాలేరా,” అంటున్నాడు సుజిత్. వద్దు అనడం లేదు. వీసా ఇంకా అయిదు వారాలే. కాగితం మాట నేను మాట్లాడకుండా ఉంటే, ఈపాటికి ఏదో ఒక ఉద్యోగం వచ్చి ఉండేదేమో అని నాకు ఒకటే బాధ. ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో అదే అన్నాను.

“నువ్వు కాదు అవ్వా, నేనే పారేశా ఆ ముక్క,” అన్నాడు. “పారేసిన ముక్కల గురించి ఆలోచించకూడదు. ఆడు.”

ఆ రోజు మొదటిసారి నేను పారేయకుండా చివరిదాకా ఆడాను. ఓడిపోయాను.

అక్టోబరు మూడో శుక్రవారం పొద్దున దుబాయ్ వాళ్ళు వీడియోలో మాట్లాడతామన్నారు. మాకు సెలవు, వాళ్ళకు పనిరోజు. నేను ఖైతాన్ పోలేదు. సుజిత్ పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. టై మెడలో వేసుకుని, ఫోన్లో చూసుకుంటూ మూడుసార్లు ముడేశాడు, మూడుసార్లు విప్పాడు.

సారు గదిలోంచి వచ్చారు. కొడుకు ముందు నిలబడి, టై తీసి, కొసలు సరిచూసి, ముడి వేసి పైకి జరిపారు.

“ఊపిరాడుతోందా?”

“ఆఁ.”

“వెళ్ళు.”

తలుపు మూసుకుంది. సారు టీ గ్లాసు పట్టుకుని నడవలోనే నిలబడ్డారు. వసుమతమ్మ నా పక్కన నిలబడి, వినపడినంత నా చెవిలో తెలుగులో చెప్పింది. పోకర్ అన్న మాట నాకే వినపడింది. ఎవరో నవ్వారు. సారు గ్లాసు కదిలింది.

“నీకు అన్నిటికన్నా చెడ్డ రోజులేవి అని అడుగుతున్నారు,” అంది వసుమతమ్మ. “వరసగా మూడు నెలలు డబ్బు పోయిందట. తక్కువ పందెం బల్లలకు దిగి, ప్రతి ఆటా రాసుకుని, తప్పెక్కడో దొరికేదాకా పైకి రాలేదట.”

తర్వాత ఆమె చెప్పడం ఆపేసింది. చేతి గాజు తిప్పుతోంది.

“ఏమడిగినారమ్మా?”

“ఎందుకు మానేశావని. ఇంటికెళ్ళాక మనుషుల్ని నమ్మాలనుంది అన్నాడు.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఇందులో అయితే ఎదుటి మనిషి ఉండడు కాబట్టి తేలిక అనుకుంటున్నావా అంటున్నారు... ఉంటాడు, కనపడడు, అది మర్చిపోకూడదు అంటున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఇవన్నీ!”

నేను కూరగాయల బుట్ట అందుకున్నాను.

సుజిత్ బయటికి వచ్చేసరికి సారు గ్లాసులో టీ మీగడ కట్టింది.

“ఏమన్నారు?”

“చెప్తామన్నారు.”

“మూడు నెలలు... మాకెందుకు చెప్పలేదు?”

“మీరు మాట్లాడట్లేదుగా నాన్నా.”

సారు గ్లాసులోకి చూశారు. తర్వాత వంటింటి వైపు తిరిగారు. “టీ చల్లారిపోయింది సూరాయమ్మా. ఇంకోసారి పెట్టండి. ఇద్దరికీ.”

మరుసటి రోజు చెత్తబుట్టలో ఆ కవరు కనపడింది, చిన్నచిన్న ముక్కలుగా. హానెస్ట్ అన్న ముక్క ఏదో వెతకబోయి, మానేశాను.

పదకొండో రోజుకు జవాబు వచ్చింది. ఆరు నెలలు నేర్చుకునే పని, నచ్చితే ఉంచుకుంటారు. పేకాటలో ఒక మంచి నెలలో వచ్చినంత జీతం కాదట. అయినా వసుమతమ్మ ఆ రాత్రి పాయసం చేయించింది. మనీలాకు వాడు ఆ పూటే ఫోన్ చేసి, ఈసారి వద్దనే చెప్పాడు.

నవంబరు రెండో వారంలో ఒక జల్లు పడింది. ఏసీ ఆపి కిటికీలు తెరిచాం. వాడి ప్రయాణం ఆ మరుసటి ఆదివారం. రెండు గంటల విమానమే కదా అని వసుమతమ్మ పదిసార్లు అంది, గాజు తిప్పుకుంటూ. నేను కరివేపాకు పొడి, నువ్వుల పొడి డబ్బాల్లో కట్టి సంచీలో పెట్టాను. బఠాణీలు కూడా ఒక గుప్పెడు పొట్లం కట్టాను.

సామాను తీసుకుని సారు, అమ్మ ముందు కిందికి దిగారు. నేను ఎప్పటిలాగే వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగసాగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గీజరు మళ్ళీ వేసుకునే కాలం వచ్చేసింది.

“మద్దవ్వా.”

“ఊఁ, నాయనా,” అన్నాను.

అనేశాక తెలిసింది, నేను ఆగలేదని. వాడికీ తెలిసింది. గుమ్మంలో బూట్లు తొడుక్కుని, సంచీ భుజానేసుకుని నిలబడి నవ్వుతున్నాడు. అది పేక బల్ల దగ్గర నవ్వే నవ్వు కాదు.

నేను కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకోకుండానే వాడి వెంట గుమ్మం దాటి వచ్చి, లిఫ్టు తలుపులు మూసుకునేదాకా అక్కడే నిలబడ్డాను.